సెకోయా చేతిలోని కాగితం

తలకు పాగా చుట్టుకున్న మనిషి. నోట్లో పొడుగాటి పైపు, మెడలో పతకం. ఒక చేత్తో కాగితం పట్టుకుని రెండో చేతి వేలితో దాని మీది గుర్తుల్ని చూపిస్తున్నాడు. పాఠం చెప్పడానికి సిద్ధమైన మేష్టారిలా ఉంటాడు. 19వ శతాబ్దం మొదటి సగంలో అమెరికాలో అచ్చయిన బొమ్మల్లో బాగా పేరున్న వాటిలో ఇదొకటి.

ఈయన సెకోయా, చెరోకీ మనిషి. వెండిపని చేసేవాడు. ఇంగ్లీషు రాదు, చదువు లేదు. తెల్లవాళ్ళు కాగితం మీద గీతలు గీసి ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం చూసి, మన మాటకి ఆ గీతలు ఎందుకుండకూడదు అనుకుని, ఏళ్ళ తరబడి కూచుని 1821 నాటికి చెరోకీ భాషకి ఓ లిపి తయారుచేశాడు. మొదట నేర్చుకున్నది ఆయన చిన్నకూతురు అయోకా అంటారు.

మ్యూజియం గోడల మీదా, పాఠ్యపుస్తకాల్లోనూ ఈ బొమ్మ పక్కన సాధారణంగా ఒకే కథ నడుస్తుంది. ఒక మేధావి, ఒక లిపి, ఆ తర్వాత 1838లో ‘కన్నీటి దారి’. కథ అబద్ధం కాదు. కానీ బొమ్మ చూసి జాలిపడి పేజీ తిప్పేస్తే ఆయన వేలు చూపిస్తున్న కాగితాన్ని చదవకుండా వదిలేసినట్టే. ఈ బొమ్మని ఒంటరిగా చూడకూడదని నా వాదన. దాని పక్కన అదే కాలంలో అచ్చయిన మరో రెండు వస్తువుల్ని పెట్టుకోవాలి. ఒకటి, చెరోకీలు నడిపిన వారపత్రిక. రెండోది, చెరోకీ భూమి ఎవరెవరికి లాటరీలో తగిలిందో చెప్పే పేర్ల పుస్తకం. మూడూ కలిపి చూస్తేనే ఈ బొమ్మ ఏం చూపిస్తోందో, ఏం దాచిపెడుతోందో తెలుస్తుంది.

*

ముందు బొమ్మ ఎలా పుట్టిందో చూద్దాం.

థామస్ మెకెన్నీ అని ఒక అధికారి. అమెరికా యుద్ధశాఖలో 1824 నుంచి 1830 దాకా ఇండియన్ వ్యవహారాల ఆఫీసు ఆయన చేతిలో ఉండేది. ఒప్పందాలకోసం వాషింగ్టన్ వచ్చే ఆదివాసీ నాయకుల్ని చార్ల్స్ బర్డ్ కింగ్ అనే చిత్రకారుడి దగ్గర కూచోబెట్టి, ప్రభుత్వం ఖర్చుతో తైలవర్ణ చిత్రాలు గీయించేవాడు. అవి ఆయన ఆఫీసు గోడల మీద వరసగా వేలాడేవి. సెకోయా 1828లో అలా కూచున్నాడు.

ఆయన ఊరికే బొమ్మ వేయించుకోడానికి రాలేదు. అప్పటికి ఆయన ఆర్కాన్సాలో ఉన్న పడమటి చెరోకీలతో ఉంటున్నాడు. వాళ్ళ తరఫున ఒప్పందం చేసుకోడానికి వచ్చిన బృందంలో ఒకడు. 1828 మే 6న ఆ ఒప్పందం మీద ఆయనా సంతకం పెట్టాడు. దాని ప్రకారం ఆర్కాన్సా భూమి వదిలేసి ఇంకా పడమటికి, ఇప్పటి ఓక్లహామా వైపు వెళ్ళిపోవాలి. అదే ఒప్పందంలో, లిపి కనిపెట్టినందుకు సెకోయాకి 500 డాలర్లు, అచ్చుయంత్రం కొనుక్కోడానికి 1000 డాలర్లు ఇస్తామని కూడా రాసుంది. లిపిని మెచ్చుకోవడమూ, నేల ఖాళీ చేయించడమూ ఒకే కాగితంలో ఇమిడిపోయాయి. బొమ్మలో ఆ సంగతి లేదు. బొమ్మలో తేదీ లేదు, ఊరు లేదు, వెనకాల వట్టి రంగు.

మెకెన్నీది విచిత్రమైన మనస్తత్వం. ఆదివాసీల మీద ఆయనకున్న ఇష్టాన్ని శంకించలేం. అదే మనిషి 1829లో న్యూయార్కులో మతపెద్దల్ని కూడగట్టి, ఆదివాసీల్ని మిసిసిపీ నది అవతలికి తరలించడమే వాళ్ళకి మేలని ప్రచారం చేశాడు. 1830 మేలో ఆండ్రూ జాక్సన్ తరలింపు చట్టం మీద సంతకం పెట్టాడు. కొద్దినెలల్లోనే మెకెన్నీ ఉద్యోగం పోయింది. చేతిలో మిగిలింది బొమ్మల పుస్తకం వేయాలన్న ఆలోచన. అసలు చిత్రాల్ని ఫిలడెల్ఫియాకి తెప్పించుకుని హెన్రీ ఇన్మన్ చేత నకళ్ళు గీయించాడు. ఆ నకళ్ళని చూసి రాతిమీద గీసి, లితోగ్రాఫులుగా అచ్చేసి, ఒక్కో కాపీకి చేత్తో రంగులు వేశారు. జేమ్స్ హాల్ అనే రచయిత జీవితకథలు రాశాడు. 1836 నుంచి 1844 వరకూ మూడు సంపుటాలు, 120 బొమ్మలు. మొత్తం సెట్టు 120 డాలర్లు. మామూలు ఇంట్లోకి వచ్చే పుస్తకం కాదది.

1865 జనవరిలో స్మిత్సోనియన్ భవనంలో మంటలు లేచి కింగ్ గీసిన అసలు చిత్రాలు దాదాపు అన్నీ కాలిపోయాయి. అంటే ఇవాళ మనం చూసే సెకోయా నకలుకి నకలు. మనిషిని చూసి కింగ్ గీశాడు, కింగ్‌ని చూసి ఇన్మన్, ఇన్మన్‌ని చూసి రాతిపని వాళ్ళు.

ఈ పుస్తకంలోని బొమ్మలు అందంగా ఉంటాయి. అందుకే జాగ్రత్తగా చూడాలి. ఒక్కో పేజీలో ఒక్కో మనిషి, చుట్టూ ఖాళీ. ఊళ్ళు లేవు, పొలాలు లేవు, పోట్లాటలు లేవు. పోయేవాళ్ళ గుర్తుగా ఉంచుకునే ఫొటోల్లా ఉంటాయి, పోతున్నవాళ్ళు ఇంకా బతికే ఉండగానే. ‘అంతరించిపోతున్న జాతి’ అన్న మాట అప్పటి అమెరికాలో బాగా చెలామణీలో ఉండేది. దాన్ని నమ్మేవాళ్ళకి ఇలాంటి పుస్తకం చాలా హాయిగా ఉండి ఉంటుంది. అంతరింపజేస్తున్నదెవరు అని ఈ బొమ్మలు అడగవు.

అయినా సెకోయా బొమ్మ ఆ వరసలో పూర్తిగా ఒదగదు. వాషింగ్టన్ వచ్చిన నాయకుల మెడల్లో కనిపించేవి సాధారణంగా అమెరికా అధ్యక్షుడి ముఖం ఉన్న పతకాలు. సెకోయాకి 1824లో పతకం ప్రకటించింది చెరోకీ జాతీయ మండలి. బొమ్మలో మెడలో ఉన్నది అదేనంటారు. సొంతవాళ్ళ పతకం మెడలో, సొంత లిపి చేతిలో. ఆ కాగితం మీది గుర్తులు గీసిన ముగ్గురికీ వట్టి గీతలే. చెరోకీకి అవి అక్షరాలు.

*

ఆ అక్షరాల గురించి తెలుగు చదివేవాళ్ళకి ఒక మాట చెప్పాలి. చెరోకీది అక్షరమాల అనేకంటే అక్షరాల పట్టిక అంటే నయం. మనకి క, కి, కు, కే అన్నీ ఒకే ‘క’ మీద గుణింతం గుర్తులు మారుస్తూ వస్తాయి. చెరోకీలో అలా కాదు. ప్రతి గుణింతానికీ వేరే రూపం, ఒకదానికీ ఇంకోదానికీ పోలిక ఉండదు. అచ్చులోకి వచ్చేసరికి మొత్తం 85. అవి గుర్తుపెట్టుకుంటే చదువు అయిపోయినట్టే. ఒత్తులు లేవు, స్పెల్లింగు బాధ లేదు. అందుకే పెద్దవాళ్ళు కూడా వారాల్లో నేర్చేసుకున్నారు. బడి లేకుండా, ఒకరి దగ్గర్నుంచి ఒకరికి పాకింది.

ఆ గుర్తుల్లో కొన్ని రోమన్ అక్షరాల్లా ఉంటాయి, పలకడం మాత్రం వేరు. రోమన్ ‘డి’లా కనిపించేది ‘అ’. ‘డబ్ల్యు’లా ఉన్నది ‘లా’. ‘హెచ్’లా ఉన్నది ‘మీ’. సెకోయా చేతిరాతలో ఇవి మరింత వంపులతో ఉండేవి. బోస్టన్‌లో అచ్చుల పోత పోసినప్పుడు రూపాలు బిగుసుకున్నాయి. మిషనరీ శామ్యూల్ వూస్టర్ ఆ పనిలో సాయపడ్డాడు.

అవే సంవత్సరాల్లో తెలుగుకీ సీసం అచ్చులు తయారవుతున్నాయి. 1814లో శ్రీరాంపూర్ నుంచి కేరీ తెలుగు వ్యాకరణం, 1816లో మద్రాసు నుంచి క్యాంప్‌బెల్ వ్యాకరణం వచ్చాయి. అవి ముఖ్యంగా తెలుగు నేర్చుకోవాల్సిన దొరలకోసం. ఇక్కడ తేడా చూడండి. చెరోకీ అచ్చుల కొనుగోలు బోస్టన్ మిషనరీ సంఘం ద్వారా జరిగింది, కానీ డబ్బు పెట్టింది చెరోకీ మండలి, పత్రిక వాళ్ళది, లిపి వాళ్ళ మనిషిది, ముందుగా చదవాల్సినవాళ్ళు కూడా వాళ్ళే.

*

1828 ఫిబ్రవరి 21న న్యూ ఎకోటాలో ‘చెరోకీ ఫీనిక్స్’ మొదటి సంచిక వచ్చింది. న్యూ ఎకోటా అప్పటి చెరోకీల రాజధాని, ఇప్పటి జార్జియా రాష్ట్రంలో ఉంది. నాలుగు పేజీల వారపత్రిక. కొంత ఇంగ్లీషు, కొంత చెరోకీ. సంపాదకుడు ఎలియాస్ బూడినాట్‌కి అప్పటికి పాతికేళ్ళు దాటాయేమో, అంతే.

మొదటి పేజీలో నాకు బాగా నచ్చేది చందా వివరం. ముందే కడితే ఏడాదికి రెండున్నర డాలర్లు. చెరోకీ మాత్రమే చదవగలిగినవాళ్ళకి రెండు డాలర్లు. ఆ అర డాలరు తేడాలో ఒక సమాజం మొత్తం ఉంది. ఇంగ్లీషు చదివే ధనికులు ఉన్నారు, చెరోకీ మాత్రమే వచ్చిన రైతులు ఉన్నారు, ఇద్దరూ పత్రిక కొంటారని సంపాదకుడికి నమ్మకం ఉంది. అరువు పెట్టేవాళ్ళు కూడా ఉంటారని తెలుసు, ఆలస్యంగా కడితే ధర పెరుగుతుంది. అంతరించిపోతున్నవాళ్ళు ఏడాది చందా కట్టరు కదా.

పత్రికకి ఇద్దరు పాఠకులు. ఒకరు ఊళ్ళోవాళ్ళు. రెండోవాళ్ళు బయట ఉన్న తెల్ల అమెరికా. పత్రికలు ఒకదానికొకటి కాపీలు పంపుకుంటే తపాలా ఖర్చు లేదని 1792 నుంచి అమెరికా చట్టం. ఫీనిక్స్ దాన్ని బాగా వాడుకుంది. న్యూ ఎకోటాలో రాసిన సంపాదకీయం ఉత్తరాది పత్రికల్లో మళ్ళీ అచ్చయ్యేది. మెకెన్నీ పుస్తకంలో జేమ్స్ హాల్ వాళ్ళ తరఫున మాట్లాడాడు. ఇక్కడ వాళ్ళే మాట్లాడారు, వారంవారం, తేదీ వేసి మరీ.

మొదటి సంచికలోనే 1827 చెరోకీ రాజ్యాంగాన్ని రెండు భాషల్లో వేయడం మొదలుపెట్టారు. అందులో మొదటి అధికరణం సరిహద్దుల గురించి. నదుల పేర్లు, కొండల పేర్లు చెప్పి, ఈ హద్దులు ఇకమీదట ఎప్పటికీ మారవని రాసుకున్నారు. జార్జియాకి మండింది అక్కడే. 1828 డిసెంబరులో చెరోకీ నేల మీద తమ చట్టాలే చెల్లుతాయని జార్జియా శాసనం చేసింది. ఆ మరుసటేడు దగ్గర్లో బంగారం బయటపడింది. ఆపైన జరగబోయేది ఊహించడం కష్టం కాదు.

ఇక్కడిదాకా చెబితే ఫీనిక్స్ మంచివాళ్ళ పత్రిక, కథ అయిపోయింది అనిపిస్తుంది. కానీ అదే రాజ్యాంగాన్ని ఇంకొంచెం కిందకి చదవాలి. చెరోకీ మగవాళ్ళ పిల్లలకి హక్కులు ఇస్తూ, తల్లి ఆఫ్రికన్ అయితే ఆ పిల్లలకి వర్తించదన్నారు. తల్లి వైపు గానీ తండ్రి వైపు గానీ నల్లజాతి రక్తం ఉన్నవాళ్ళు ఏ పదవికీ పనికిరారన్నారు. 1835 జనాభా లెక్కల ప్రకారం తూర్పున ఉన్న చెరోకీలు దాదాపు 16,500 మంది. వాళ్ళ దగ్గర బానిసలుగా ఉన్న నల్లవాళ్ళు 1,592 మంది. ముఖ్యనాయకుడు జాన్ రాస్‌కీ, ఆయన ప్రత్యర్థి మేజర్ రిడ్జ్‌కీ బానిసలుండేవాళ్ళు. మెకెన్నీ పుస్తకంలో వీళ్ళిద్దరి బొమ్మలూ ఉన్నాయి, కోట్లు వేసుకుని, పెద్దమనుషుల్లా. ఆ కోట్ల వెనక ఎవరి చాకిరీ ఉందో బొమ్మ చెప్పదు, పత్రిక చెప్పేసింది. సిగ్గుపడి కాదు, గర్వంగా రాజ్యాంగంలో భాగంగా అచ్చేసి.

ఫీనిక్స్‌ని గౌరవించడమంటే ఈ పేజీని కూడా చదవడం. బొమ్మల పుస్తకం ఆ మనుషుల్ని నిష్కల్మషంగా చూపించి, వాళ్ళ తప్పుల్ని కూడా వాళ్ళకి దక్కనివ్వలేదు. పత్రికలో వాళ్ళు తెలివైనవాళ్ళు, మొండివాళ్ళు, అన్యాయానికి గురవుతున్నవాళ్ళు, అన్యాయం చేస్తున్నవాళ్ళు. అంటే మామూలు మనుషులు.

*

బూడినాట్ కథ లేకుండా ఈ పత్రిక కథ పూర్తికాదు.

ఆయన అసలు పేరు గలెగీనా. కనెటికట్‌లోని కార్న్‌వాల్ మిషనరీ బడిలో చదివాడు. ఆ ఊరి తెల్లమ్మాయి హ్యారియెట్ గోల్డ్‌ని పెళ్ళి చేసుకోబోతే ఊరివాళ్ళు వాళ్ళ దిష్టిబొమ్మల్ని తగలబెట్టారు. క్రైస్తవం నేర్పిన ఊరే ఆ పని చేసింది. 1826లో పెళ్ళయింది. ఆ ఏడే ఫిలడెల్ఫియా చర్చిలో పత్రిక కోసం విరాళాలడుగుతూ తెల్లవాళ్ళనుద్దేశించి ప్రసంగం చేశాడు, అది కరపత్రంగా వచ్చింది. మేం మీలాగే నాగరికులం, మా పొలాలు చూడండి, మా లిపి చూడండి అనే ధోరణి. ఒప్పించగలనని ఆయన నమ్మాడు.

1831లో వూస్టర్‌ని జార్జియా అరెస్టు చేసి నాలుగేళ్ళ కఠిన శిక్ష వేసింది. కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1832 మార్చిలో కోర్టు చెరోకీల పక్షాన తీర్పిచ్చింది. అయినా జార్జియా ఆగలేదు, జాక్సన్ ఆపలేదు. అప్పుడు బూడినాట్‌లో ఏదో విరిగింది. కోర్టులో గెలిచినా నేల దక్కదని తేలిపోయింది, కాబట్టి బేరం చేసుకుని వెళ్ళిపోవడమే బతికే దారి అనుకున్నాడు. ఆ వాదనని పత్రికలో వేయాలనుకున్నాడు. రాస్ కుదరదన్నాడు. జనంలో చాలామంది వెళ్ళడానికి ఒప్పుకోవడం లేదు, ఇలాంటి సమయంలో జాతి పత్రిక రెండు గొంతులతో మాట్లాడితే శత్రువుకే లాభం అన్నది ఆయన పక్షం. 1832 ఆగస్టులో బూడినాట్ రాజీనామా చేశాడు. రాస్‌కి బావమరిది వరసైన ఎలైజా హిక్స్ సంపాదకుడయ్యాడు. 1834 మే 31తో పత్రిక ఆగిపోయింది. మరుసటేడు జార్జియా గార్డు ఆ అచ్చుయంత్రాన్ని పట్టుకుపోయింది.

ఇందులో ఎవరు ఒప్పు? ముట్టడిలో ఉన్న జాతి పత్రికలో అసమ్మతికి చోటుండాలా? ఉండాలని చప్పున అనేస్తాం. కానీ బూడినాట్ తర్వాత చేసిన పని చూడండి. 1835 డిసెంబరు 29న, ఆయన ఇంట్లోనే, ఆయనా రిడ్జ్ కుటుంబమూ మరికొందరూ కలిసి, మండలి అనుమతి లేకుండా, తూర్పు భూములన్నీ 50 లక్షల డాలర్లకి వదులుకునే ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. రాస్ వర్గం వేలాది సంతకాలతో నిరసన పంపింది. అయినా అమెరికా సెనేట్ ఒక్క ఓటు తేడాతో ఒప్పందాన్ని ఆమోదించింది. 1839 జూన్ 22న, కొత్త నేల మీద, ఆ నేరానికి బూడినాట్‌నీ, రిడ్జ్ తండ్రీకొడుకుల్నీ చెరోకీలే చంపేశారు.

రాస్ ఆయన నోరు నొక్కకుండా ఉంటే ఆ వాదన పత్రికలో, వెలుతురులో జరిగేదేమో, రాత్రిపూట సంతకాలదాకా వెళ్ళేది కాదేమో అని ఒక ఆలోచన. జార్జియా తుపాకులు గుమ్మంలో ఉండగా వెలుతురు ఎక్కడిది అని ఇంకో ఆలోచన. నాకు మొదటిదాని వైపే మొగ్గు. పత్రిక నడిచిన ఆరేళ్ళలో దాని బలమంతా వాదించడంలోనే ఉంది. ఆ బలాన్ని సొంతవాళ్ళతో వాడుకోనివ్వని రోజునే దాని ప్రాణం సగం పోయింది.

*

మూడో వస్తువు ‘ది చెరోకీ లాండ్ లాటరీ’. జేమ్స్ ఎఫ్. స్మిత్ తయారుచేసిన పుస్తకం, 1838లో న్యూయార్కులో హార్పర్ కంపెనీ వేసింది. ఇందులో కథ లేదు, వ్యాఖ్యానం లేదు. జిల్లాల మ్యాపులు, స్థలాల నెంబర్లు, పేర్లు.

జార్జియా 1832లో చెరోకీ నేలని కొలిపించి, గళ్ళుగళ్ళుగా కోసి, తన పౌరులకి లాటరీ తీసింది. మామూలు భూమి 160 ఎకరాల ముక్కలు, బంగారం ఉందనుకున్న చోట 40 ఎకరాల ముక్కలు. ఫలానా నెంబరు ఫలానావాడికి. వితంతువులకీ అనాథలకీ కూడా వాటా ఉంది. తమ పేదల మీద జార్జియాకి దయ ఉందన్నమాట. ఆ గళ్ళలో అప్పటికే ఇళ్ళు, పొలాలు, పళ్ళతోటలు ఉన్నాయి. 1835లో రాస్ వాషింగ్టన్ నుంచి ఇంటికి వచ్చేసరికి ఆయన ఇంట్లో లాటరీ గెలిచినవాళ్ళు కాపురం ఉన్నారు.

రాజ్యాంగంలో చెరోకీలు తమ నేలని నదులతో, కొండలతో చెప్పుకున్నారు. ఈ పుస్తకంలో అదే నేల సమానమైన గళ్ళు. వాగులు గీతల మధ్య నుంచి వంకరగా పోతుంటాయి, గళ్ళు పట్టించుకోవు. నా దృష్టిలో ఈ మూడింటిలో అత్యంత భయంకరమైనది ఇదే. ద్వేషంతో కూడిన మాట ఒక్కటీ లేదు. టెలిఫోన్ డైరెక్టరీలా ఉంటుంది. ఇది బజారులోకి వచ్చిన ఏడే సైన్యం చెరోకీల్ని ఇళ్ళలోంచి లాగి శిబిరాల్లో పెట్టింది. దాదాపు 16 వేలమందిని పడమటికి నడిపించారు. దారిలోనూ శిబిరాల్లోనూ చనిపోయినవాళ్ళు 4 వేలమంది అని తరచూ చెప్పే అంచనా. వాళ్ళ వెంట బానిసలూ నడిచారు.

ఆ నడకని అక్కడే ఉండి గీసిన చిత్రం అంటూ మన కళ్ళ ముందు ఏదీ లేదు. ‘కన్నీటి దారి’ అనగానే వచ్చే రాబర్ట్ లిండ్నో తైలవర్ణ చిత్రం 1942 నాటిది. పోయేముందు ముఖాల్ని అంత శ్రద్ధగా గీయించుకున్న దేశానికి ఆ నడక మాత్రం ఒక శతాబ్దం దాటాకే బొమ్మ అయింది.

*

1844లో చెరోకీలు కొత్త రాజధాని టాలక్వాలో ‘చెరోకీ అడ్వకేట్’ పత్రిక పెట్టారు, మళ్ళీ రెండు భాషల్లో. ‘చెరోకీ ఫీనిక్స్’ అన్న పేరుతో ఇవాళా టాలక్వా నుంచి పత్రిక వస్తోంది. సెకోయా గుర్తులు యూనికోడ్‌లో ఉన్నాయి, ఫోన్లలో కీబోర్డు ఉంది. 1950ల్లో న్యూ ఎకోటాలో తవ్వకాలు జరిపినప్పుడు మట్టిలోంచి పాత సీసం అచ్చులు బయటపడ్డాయి, ఆ 85లో కొన్ని.

పాత ఫీనిక్స్ సంచికల స్కాన్లు నెట్‌లో దొరుకుతాయి. మెకెన్నీ బొమ్మలూ దొరుకుతాయి, పోస్టర్లుగా కూడా అమ్ముతారు. రెంటినీ పక్కపక్కన రెండు ట్యాబుల్లో తెరిచి చూడమని నా సలహా. బొమ్మలో ఆయన కాగితం పట్టుకుని చూపిస్తుంటాడు. పత్రిక తెరిస్తే ఆ గుర్తులే పనిలో ఉంటాయి. చట్టం చెబుతూ, చందా అడుగుతూ, జార్జియాతో తగాదా పడుతూ. మెకెన్నీ తన గోడకి తగిలించుకున్న బొమ్మలో తనకి చదవడం రాని ఒక పాఠం ఉండిపోయింది. అది చదవగలిగే పిల్లలు ఓక్లహామా బడుల్లో ఇప్పటికీ ఉన్నారు.